గది చూపించి గుంట తవ్వండి

నాగార్జునకొండ లోయలో ఇక ఎవరూ తవ్వలేరు. 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో కేంద్ర పురావస్తు శాఖ అక్కడ వందకు పైగా చోట్ల తవ్వకాలు జరిపింది. సాగర్ జలాశయం నిండేలోపు ముగించాల్సిన పని అది. కొన్ని కట్టడాలను రాయీ రాయీ విప్పి కొండమీదికీ, ఒడ్డునున్న అనుపుకూ చేర్చి మళ్ళీ నిలబెట్టారు. ఆ లోయలోని పాత నగరం విజయపురిలో మిగిలినదంతా నీళ్ళ కిందికి పోయింది. నివేదిక మొదటి సంపుటం 1975లో వెలువడింది. చారిత్రక యుగం గురించిన రెండో సంపుటం 2006లో వచ్చింది, అంటే తవ్వకాలు ఆగిన 46 ఏళ్ళకు.

ఈ ఆలస్యాన్ని తప్పుబట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు, అందులో న్యాయమూ ఉంది. నాకు ఆ 46 ఏళ్ళలో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. తవ్విన తరం రిటైరైపోయినా నోటుబుక్కులు, కొలతల చిత్రాలు, ఫొటోలు, రిజిస్టర్లు మిగిలాయి కాబట్టే 2006లో ఆ పుస్తకం రాగలిగింది. ఇవాళ ఎవరికైనా ఆ లోయ మీద కొత్త అనుమానం వస్తే వెళ్ళి చూడటానికి లోయ లేదు. ఉన్నవి ఆ కాగితాలు, దొరికిన వస్తువులు దాచిన ఆ సంచులు, వాటిమీది నంబర్లు, అంతే.

నీళ్ళు నిండకపోయినా ప్రతి తవ్వకం సంగతీ ఇదే. ఒక పొరను ఒక్కసారే తవ్వగలం. తవ్వాక ఆ పొర ఉండదు. దాని బదులు మన చేతికి మూడు మిగులుతాయి: దొరికిన వస్తువులు, రాసుకున్న వివరాలు, ఈ రెంటినీ కలిపే నంబరు. మూడింట్లో ఏది పోయినా మిగతా రెండూ సగం చచ్చిపోయినట్టే.

అందుకే నా వాదన ఒకటే. తవ్వకానికి అనుమతి అడిగేవాళ్ళు ముందు దాచే గది చూపించాలి. గదికీ, అరలకూ, దాన్ని చూసుకునే మనిషి జీతానికీ డబ్బు తవ్వకం బడ్జెట్‌లోనే ఉండాలి. లేకపోతే అనుమతి ఇవ్వకూడదు. భూమిలో ఉన్నది రెండువేల ఏళ్ళు ఆగింది, ఇంకో పదేళ్ళు ఆగుతుంది. సంచిలోకి వచ్చింది మాత్రం ఆగదు. ముంపు ప్రాంతాలు, రోడ్లు పడే చోట్లు వేరు. అక్కడ ఆగే వీల్లేదు కాబట్టి దాచే ఖర్చును ఆ ప్రాజెక్టు ఖర్చులోనే కలపాలి.

కాగితం విలువేమిటో అమరావతి బౌద్ధ స్తూపం కథ చూస్తే తెలుస్తుంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ 18వ శతాబ్దం చివర్లో ఆ దిబ్బను మొదటిసారి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చి తన చిత్రకారుల చేత శిల్పఫలకాల బొమ్మలు గీయించాడు. అవి ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఆ బొమ్మల్లో కనిపించే ఫలకాలు కొన్ని ఇవాళ ఎక్కడా లేవు. సున్నం కోసం కాల్చినవి కాల్చగా, పగిలినవి పగలగా, వాటికి మిగిలిన సాక్ష్యం ఆ కాగితమే. ఇక 1845లో మద్రాసు సర్కారు అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసు చేరాయి, అక్కడినుంచి చాలావరకు 1859లో లండన్‌కు వెళ్ళాయి. రాళ్ళు భద్రంగానే ఉన్నాయి. కానీ ఏ ఫలకం స్తూపం చుట్టూ ఎక్కడ నిలిచి ఉండేదో చెప్పే సరైన ప్లాను లేదు కాబట్టి, శైలినీ పరిమాణాన్నీ బట్టి పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ ఆదేశంతో దిబ్బ మొత్తాన్నీ ఖాళీ చేయించారు. ఆ తర్వాత పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉండాల్సిన చోట పెద్ద గొయ్యి ఉంది. రాయి లేని కాగితం నుంచి ఇవాళ్టికీ నేర్చుకుంటున్నాం. కాగితం లేని రాయి చూడటానికి బాగుంటుంది గానీ, అడిగినదానికి జవాబివ్వదు.

ఇక అసలు పనికి వస్తాను. స్టోరు పాడవడం స్టోరులో మొదలవదు, గుంట గట్టుమీదే మొదలవుతుంది.

బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ 1944లో తక్షశిలలో శిక్షణ శిబిరం పెట్టి నేర్పిన పద్ధతినే మన దగ్గర ఇప్పటికీ వాడుతున్నాం: కుండపెంకులు ఆరబెట్టే నేలమీద గళ్ళు గీసి, ఒక్కో గుంటలోని ఒక్కో పొరకు ఒక్కో గడి కేటాయించి, గడికో చీటీ పెట్టడం. మంచి పద్ధతే, కానీ చీటీకి కాళ్ళున్నాయి. గాలికి పక్క గడిలోకి పోతుంది, వానకు చెరిగిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా కలగాపులగం జరిగేది కడిగే చోట. ఒకే తొట్టిలో రెండు సంచులు పోసినా, ఒక సంచి కడిగి తొట్టి అడుగున మిగిలిన చిన్న పెంకులను చూసుకోకుండా రెండో సంచి పోసినా కథ ముగిసినట్టే. ఒక తొట్టికి ఒకే సంచి. తొట్టి బోర్లించి అడుగు చూశాకే రెండోది. కడిగినంతసేపూ చీటీ తొట్టిలోనే ఉండాలి, కాబట్టి అది నీళ్ళకు తట్టుకునే రకమైనదే అయ్యుండాలి.

సంచికి రెండు చీటీలుండాలి, ఒకటి లోపల, ఒకటి బయట. బాల్‌పెన్ను రాత ఏళ్ళకొద్దీ ఉంటే వెలిసిపోతుంది, చాలా జెల్ పెన్నుల రాత తడి తగిలితే పారిపోతుంది. పర్మనెంట్ మార్కర్ ఎండలో ఎగిరిపోతుంది. మందపాటి కాగితం మీద మెత్తటి పెన్సిలు రాత వీటన్నిటికన్నా నమ్మకమైనది. ఊరి పొట్టి పేరు, సంవత్సరం, గుంట, పొర, లోతు, తేదీ, రాసినవాళ్ళ పొడి అక్షరాలు, సంచి నంబరు, ఇవన్నీ చీటీ మీద ఉండాలి.

సంచి నంబరు గురించి కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది దీన్ని పట్టించుకోరు. "ఎ1 గుంట, 4వ పొర" అని రాస్తే చాలనుకుంటారు. సీజను మధ్యలో సెక్షన్, అంటే గుంట గోడలో కనిపించే పొరల బొమ్మ, గీసేటప్పుడు ఆ 4వ పొర నిజానికి రెండు పొరలని తేలుతుంది. నోటుబుక్కులో 4, 4ఎ అని దిద్దుకుంటారు. అప్పటికే కట్టిన పన్నెండు సంచుల మీద మాత్రం పాత 4 అలాగే ఉండిపోతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత చూసేవాడికి ఆ 4 దిద్దకముందుదో దిద్దాకదో తెలియదు. అదే తవ్వకం మొదటి రోజు 1 నుంచి మొదలుపెట్టి, గుంట మారినా ఏడాది మారినా ఆపకుండా నడిచే వరస నంబరు సంచిమీద ఉంటే, పొర పేరు ఎన్నిసార్లు మారినా రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా ఒక్క దిద్దుబాటు చాలు. దిద్దినప్పుడు పాతది కొట్టేయకూడదు, దాని పక్కన కొత్తది రాసి తేదీ వేయాలి.

కడిగిన పెంకు నీడలో పూర్తిగా ఆరాలి, ముసురు రోజుల్లో రెండు మూడు రోజులు పట్టినా సరే. తడిగా మూట కడితే బూజు వస్తుంది, బూజు ముందు తినేది చీటీనే. తీరప్రాంతపు పెంకుల్లో ఉప్పు ఉంటుంది. వాటిని మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మార్చి మార్చి ఉప్పు దింపాకే ఆరబెట్టాలి. లేకపోతే ఉప్పు స్ఫటికాలు కట్టి పైపొరను పెచ్చులుగా ఊడదీస్తుంది, దానితోపాటు మనం రాసిన నంబరూ పోతుంది. కుండలో ఏం వండారో రసాయన పరీక్ష చేయించాలనుకుంటే కొన్ని పెంకులను కడగకుండా అల్యూమినియం రేకులో చుట్టి విడిగా పెట్టాలి. కాలనిర్ణయానికి తీసిన బొగ్గును చేత్తో ముట్టకుండా అలాగే రేకులో చుట్టాలి. దాన్ని కాగితం చీటీకి గానీ దూదికి గానీ తగలనివ్వకూడదు.

పెంకు మీద నంబరు లోపలివైపు వేయాలి, అంచుకు దగ్గరగా, విరిగిన అంచు మీద మాత్రం కాదు. ఎప్పుడో ఒకరోజు ఆ అంచు ఇంకో పెంకుతో అతకాల్సి రావచ్చు. ముందు అసిటోన్‌లో 10 నుంచి 15 శాతం కలిపిన పారాలాయిడ్ బి-72 అనే పారదర్శక రెజిన్‌ను గోరంత మేర పూసి, ఆరాక ఇండియన్ ఇంకుతో రాసి, దానిమీద ఇంకో పూత వేయాలి. చాలాచోట్ల గోళ్ళరంగు వాడేస్తారు. అది కొన్నేళ్ళకు పసుపు తిరిగి పొలుసులా లేచిపోతుంది. పారాలాయిడ్ నిలుస్తుంది, తీసేయాలన్నప్పుడు అసిటోన్‌తో వస్తుంది.

గుడ్డసంచి, గోనెసంచి గుంట దగ్గర బాగా పనికొస్తాయి, గాలి ఆడుతుంది. స్టోరులో మాత్రం అవి చెదలకూ ఎలుకలకూ విందు. మూతి బిగించిన ఇనుప తీగ తుప్పుపట్టి గుడ్డను కోసేస్తుంది. స్టోరులోకి వెళ్ళేటప్పుడు మందపాటి పాలిథీన్ జిప్ కవర్లలోకి మార్చి, కవరుకు నాలుగైదు సన్నని రంధ్రాలు చేయాలి. పీవీసీ కవర్లు వద్దే వద్దు, అవి పాతబడేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతాయి. వార్తాపత్రికల్లో చుట్టడం కూడా అలాంటిదే.

పెంకులు మొండివి, ఎన్నో తప్పులను ఓర్చుకుంటాయి. లోహాలు ఓర్చుకోవు. వాటిలో మన నేలకు ప్రత్యేకమైనది సీసం. శాతవాహనులు సీసంతో విరివిగా నాణేలు వేశారు. కోటిలింగాల, పెద్దబంకూరు వంటి చోట్ల అవి దొరికాయి. 2024లో ఫణిగిరిలో ఒకే మట్టికుండలో ఇక్ష్వాకుల కాలపు 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఇలాంటి నాణేలను తెచ్చి, గౌరవంగా ఉంటుందని చెక్క బీరువాలోనో ప్లైవుడ్ సొరుగులోనో పెడతారు. అక్కడే ప్రమాదం. చెక్కనుంచీ ప్లైవుడ్ జిగురునుంచీ అసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లు కొద్దికొద్దిగా వస్తూనే ఉంటాయి. మూసిన సొరుగులో అవి బయటికి పోలేవు. ముందు నాణెం అంచున సన్నటి తెల్లని నూగు కనిపిస్తుంది, దుమ్మేమోనని తుడుస్తారు. కొన్ని నెలలకు అది మళ్ళీ వస్తుంది. అది సీసం కార్బొనేటుగా మారడం. ప్రతిసారీ తుడిచేది నాణెం పైపొరనే, అక్షరాలుండేదీ ఆ పొరలోనే. "రఞో" (రాజుది) అని మొదలయ్యే బ్రాహ్మీ అక్షరాలు పోయాక మిగిలేది సీసపు బిళ్ళ, ఏ రాజుదో చెప్పలేం. రెండువేల ఏళ్ళు మట్టిలో నిలిచినదాన్ని మనం సొరుగులో పదేళ్ళలో పోగొట్టగలం.

సీసానికి కావలసినవి ఖరీదైనవేమీ కావు. పౌడర్ కోటింగు వేసిన స్టీలు బీరువా, పాలీప్రొపిలీన్ డబ్బా, ఆమ్లం లేని టిష్యూ కాగితం లేదా తెల్లటి పాలిథీన్ ఫోము. అట్టపెట్టె, దూది, ఉన్ని, వెల్వెట్ వద్దు. కలరా ఉండలు వేస్తే పురుగు ఆగుతుందేమో, ఆమ్లమూ తేమా ఆగవు. చేతికి తొడుగు తప్పనిసరి, సీసం మనకూ మంచిది కాదు.

రాగి, కంచు వస్తువుల మీద లేతాకుపచ్చ పొడి రాలుతుంటే అది మామూలు చిలుము కాదు, లోపల క్లోరైడు పని చేస్తోందని అర్థం. గాలిలో తేమ 35 శాతం లోపు ఉంటే అది నిద్రపోతుంది. ఇనుముకైతే ఇంకా ఎండు గాలి కావాలి, 15 శాతం లోపు. మన రాకాసిగుళ్ళలో, అంటే పాతకాలపు రాతి సమాధుల్లో, దొరికే ఇనుప కత్తులు, గొడ్డళ్ళు రెండు వానాకాలాలకే పొరలు పొరలుగా విచ్చుకునేది ఇందుకే. గాలి చొరబడని మూతగల పాలీప్రొపిలీన్ డబ్బా తీసుకుని, ఇనుము ఎంత బరువుంటే సుమారు అంతే బరువు ఎండిన సిలికా జెల్ వేయాలి. లోపల తేమ చూపే చిన్న కాగితపు పట్టీ బయటికి కనపడేలా పెట్టాలి. మామూలు రోజుల్లో మూడు నెలలకోసారి, జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి మూత తీయకుండానే పట్టీ చూడాలి. జెల్ రంగు మారితే 110 నుంచి 120 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఉంచి, చల్లార్చి మళ్ళీ వేయొచ్చు. నీలం రంగు జెల్‌లో ఒంటికి మంచిది కాని కోబాల్టు ఉంటుంది కాబట్టి నారింజ రంగుది కొనడం మేలు. ఎముక, దంతం, శంఖపు గాజులను పొరపాటున కూడా ఈ డబ్బాల్లో పెట్టొద్దు. దంతం, ఎముక అంత ఎండు గాలికి పగులుతాయి.

ఇక్కడే ఒక చిక్కు. ఒకే పొరలో దొరికిన పెంకు, కత్తి, నాణెం, ఎముక నాలుగు గదుల్లోకి విడిపోతాయి. వాటిని మళ్ళీ కలిపేది స్థలాల రిజిస్టరు ఒక్కటే: సంచి నంబరు, వస్తువు, బీరువా, అర, డబ్బా. ఒక డబ్బాను ఒక అరనుంచి ఇంకో అరకు జరిపినా అదేరోజు అందులో రాయాలి. "ఎవరో పరిశోధకుడు చూడటానికి తీశారు" అన్న మాట విన్నామంటే, ఆ వస్తువు తిరిగి దాని చోటికి చేరలేదనే అనుకోవాలి.

కాగితాల సంగతి. చుట్టచుట్టిన ట్రేసింగ్ షీట్లు ఎండి పెళుసుబారి విప్పేటప్పుడు విరుగుతాయి, వాటిని పరిచే ఉంచాలి. సెల్లోటేపు మరక పోదు, స్టేపుల్ పిన్ను తుప్పవుతుంది. లామినేషన్ మాత్రం ఎప్పటికీ చేయించొద్దు, అది వెనక్కి రాని పని. పాత నెగెటివుల పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఫిల్ము కుళ్ళడం మొదలైందన్నమాట. ఆ ఆవిరి పక్కవాటికీ అంటుకుంటుంది కాబట్టి వాటిని వెంటనే విడదీసి, మిగతా అన్నిటికన్నా ముందు స్కాన్ చేయించాలి.

"అన్నీ స్కాన్ చేసేశాం, ఇంకేం భయం" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. స్కాన్ అవసరమే, చేసి తీరాలి. కానీ 2003లో సీడీలో వేసినవి ఇవాళ ఎన్ని తెరుచుకుంటాయో ఒకసారి చూసుకోండి. మన తెలుగువాళ్ళకు దీనికితోడు ఇంకో గండం: పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేసిన నివేదికలు, వస్తువుల జాబితాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరుచుకున్నా కనిపించేది అర్థంలేని గుర్తుల గుంపే. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, అచ్చుప్రతితో వరుసవరుసా పోల్చి దిద్దాలి. మార్పిడిలో ఒత్తులు, అంకెలు తారుమారవుతాయి, లోతు 1.35 కాస్తా 1.85 అయితే పొరే మారిపోతుంది. ఫొటోలు టిఫ్‌లో, జాబితాలు సాదా సీఎస్‌వీలో, నివేదికలు పీడీఎఫ్-ఏలో ఉంచాలి. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. ఏడాదికోసారి తెరిచి చూడాలి. ఫైలు పేరులో సంచి నంబరు గానీ ఫొటో రిజిస్టరు నంబరు గానీ లేకపోతే, అంత స్కానింగూ చీటీ పోయిన పెంకుల కుప్పే.

గదికి లెక్క వేద్దాం. ఒక సీజనులో 3,000 కిలోల పెంకులు వచ్చాయనుకుందాం. ఒక క్రేటులో 12 కిలోలకు మించి పోస్తే అడుగువి నలిగిపోతాయి, ఎత్తేవాళ్ళ నడుమూ పోతుంది. అంటే 250 క్రేట్లు. 60 బై 40 సెంటీమీటర్ల క్రేట్లను ఐదు అరల యాంగిల్ ర్యాకుల్లో పెడితే 50 చోట్లు, 12 చదరపు మీటర్ల నేల. మనుషులు తిరగడానికీ, బల్ల వేసి చూడటానికీ కలిపి 30 చదరపు మీటర్లు, అంటే 16 బై 20 అడుగుల గది ఒకటి. కింది అర నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున, ర్యాకు గోడకు 10 సెంటీమీటర్ల దూరాన ఉండాలి, చెద ఎక్కుతుంటే కనపడాలి కదా. నేలమాళిగా వద్దు, కారే డాబా కింది పై అంతస్తూ వద్దు. ఇదీ మనం "చోటు లేదు" అని చెప్పుకునే దాని అసలు కొలత.

అన్నీ దాచాలని నేననను. దిద్దుబాటు చేయలేని కలగలుపు పొరలనుంచి వచ్చిన సాదా పెంకులను లెక్కపెట్టి, తూచి, రకాలవారీగా రాసుకుని, ఆ గుంటలోనే మళ్ళీ పూడ్చవచ్చు. తేదీ రాసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి పూడ్చాలి, రేపు తవ్వేవాడు మోసపోకుండా. అంచులు, అడుగులు, గీతలున్నవి, రంగువేసినవి, దిబ్బ కాలాన్ని తేల్చే పొరలవి అన్నీ ఉంచాలి. ఏది పారేశామో, ఏ నియమం ప్రకారమో రాతలో ఉండాలి, దానిమీద ఇద్దరి సంతకాలు పడాలి. చోటు చాలక, ఎవరినీ అడగకుండా వేసవి సెలవుల్లో గోనెలు బయటపడేయడాన్ని మాత్రం ఏ నియమమూ కాపాడదు.

నివేదిక అచ్చయ్యాక సంచులెందుకని అడిగేవాళ్ళున్నారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన పెంకులను వీలర్ క్రీ.శ. తొలి శతాబ్దంతో ముడిపెట్టాడు. 1980లలో పురావస్తు పరిశోధకురాలు విమలా బెగ్లే ఆ మట్టిపాత్రలనూ పొరల వివరాలనూ మళ్ళీ పరిశీలించి, వాటిలో రూలెటెడ్ పాత్రలు (లోపల సన్నని గాట్ల వలయాలుండేవి) అంతకన్నా ముందే, క్రీ.పూ. 2వ శతాబ్దానికే మొదలయ్యాయని వాదించింది. అదే రకం పాత్ర అమరావతిలో, శాలిహుండంలో దొరుకుతుంది కాబట్టి ఆ చర్చ మన తీరపు కాలక్రమాన్నీ కదిలించింది. రెండోసారి చూడటానికి ఏమీ మిగలకపోతే మొదటివాడి అభిప్రాయమే చరిత్రగా నిలిచిపోయేది.

ఆ వీలర్ పేరు మీదే లండన్‌లో ఒక భవనం ఉంది, మార్టిమర్ వీలర్ హౌస్. లండన్ మ్యూజియం తన తవ్వకాల నిల్వను అక్కడ ఉంచింది, వేల తవ్వకాల పెట్టెలూ కాగితాలూ ఒకేచోట. ఇంగ్లండులో చాలా మ్యూజియాలు తవ్విన సంస్థనుంచి పెట్టెకు ఇంత అని రుసుము తీసుకునిగానీ లోపలికి రానివ్వవు. కట్టడాలు కట్టే కంపెనీ తవ్వకానికి డబ్బిస్తుంది, దాచడానికి కూడా అందులోనే. మన దగ్గర కాలువలకు, రహదారులకు ముందు జరిగే తవ్వకాల్లో ఇదే పద్ధతి పెట్టడానికి కొత్త సాంకేతికత ఏమీ అక్కర్లేదు, అంచనాల పట్టికలో ఒక వరుస చేరిస్తే చాలు.

ఇప్పటికే నిండిపోయి, చిందరవందరగా ఉన్న పాత స్టోరు మీ చేతికి వస్తే ఒక మాట. మొదటి రోజు సర్దొద్దు. ఏ మూట ఏ మూట పక్కనుందో అదే కొన్నిసార్లు పోయిన చీటీకి ఆధారమవుతుంది. తలుపు దగ్గరనుంచి గడియారపు ముల్లు తిరిగే దిక్కున ప్రతి అరనూ ఫొటో తీసి, ఉన్నచోటే ప్రతి మూటకూ తాత్కాలిక నంబరు కట్టండి. సంచి చిరిగి ఉంటే దాన్ని అలాగే కొత్త కవరులోకి దించండి. పాత గుడ్డమీద రాత ఉండొచ్చు, దాన్నీ లోపలే పెట్టండి. అడుగున రాలిన చీటీ ముక్కలను ఊడ్చేయకుండా అర నంబరు వేసి కవరులో దాచండి. ఇనుము, సీసం, వెనిగర్ వాసన వచ్చే ఫిల్ము, ఈ మూడింటినీ మాత్రం ఆ వారంలోనే బయటికి తీయండి. పెంకులు మీకోసం ఇంకో ఏడాది ఆగుతాయి.